ఎర్తు గుంతకు నీళ్లు పోసిన టీచరమ్మ

పోయిన నెల ఉరవకొండలో ఒక పెళ్లికి వెళ్లాను. ఫంక్షన్ హాల్లో మైకు పెట్టీ పెట్టగానే గుయ్యిమని ఒక మోత మొదలైంది. ఎవరూ పట్టించుకోలేదు. పెళ్లికూతురి మేనమామ ఆ మోతను మించిన గొంతుతో చదివింపులవాళ్ల పేర్లు చదువుతున్నాడు. వడ్డన దగ్గర కేకలు, పిల్లల ఏడుపులు, అన్నీ మామూలే. నాకు మాత్రం పక్క కుర్చీలోంచి ఎవరో వంగి గొణిగినట్టు అనిపించింది. "గుయ్యి వచ్చినాడన్నా. ఈళ్లకు ఎర్తు లేదు."

ఆ మాట అనవలసిన మనిషి చనిపోయి ఏడాది దాటింది.

బుక్కరాయసముద్రంలో ఆమెది మా పక్కిల్లు. తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైంది. వీధివీధంతా టీచరమ్మ అనేవాళ్లం. నేను జిల్లా ఎడిషన్‌లో డెస్కు ఉద్యోగం ముగించుకుని అక్కడ ఇల్లు తీసుకున్న కొత్తలో, గోడ మీదుగా చూసి ఆమె అడిగిన మొదటి ప్రశ్న ఇదీ: "పేపర్లో పనిచేసినావంట కదన్నా. 'జిల్లావ్యాప్తంగా' అని రోజూ రాస్తాండారే, ఆ మాట లేకుండా ఒక్క దినమన్నా పేపరు వస్తాదా?" ఆ రోజు నుంచి నేను పేపరన్నను.

ఆమెకు రెండు భాషలుండేవి. మాట్లాడితే నికార్సయిన సీమ. పుస్తకం తెరిస్తే ప్రతి అక్షరం కడిగి ఆరబెట్టినట్టు వచ్చేది. ఒత్తు ఒత్తుగా, దీర్ఘం దీర్ఘంగా, 'శ'కు 'ష'కు తేడా తెలిసేట్టుగా. ఆదివారం చర్చిలో వాక్యం చదివే వంతు ఆమెదైతే ముందు మైకును పక్కకు జరిపేది. "దేవునికి చెవుడు లేదు, మీకూ లేదు" అని మొదలుపెట్టేది. వినేటప్పుడు మాత్రం కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుని, తల ఒక పక్కకు వాల్చి, కళ్లు మూసుకునేది. ఎవరు మాట్లాడుతున్నా అంతే. కూరగాయల బండివాడు ఒకసారి "నిద్రపోతాండావా టీచరమ్మా?" అంటే, "నీ తూకం రాయి కింద పెట్టిన సద్దు ఇంటాండాలేప్పా" అంది.

చూపు లేని పిల్లల హాస్టల్ ఒకటి టౌన్‌లో ఉండేది. రిటైరయ్యాక ఆమె సాయంత్రాలు అక్కడే. పదో తరగతి తెలుగు పాఠాలు చదివి వినిపించేది. అలా ఏళ్లు గడిచాక ఆమె గొంతులో ఏదో అడ్డుపడసాగింది. బెంగళూరులో చూపించుకుని వచ్చిన సాయంత్రం గోడ దగ్గర నిలబడి, బియ్యం ధర చెప్పినంత మామూలుగా చెప్పింది.

"ఎండాకాలం దాటంగానే ఆపరేషన్ అంట. గొంతుపెట్టె తీసేస్తారంట. పానానికి భయం లేదన్నారు. మాట మాత్రం రాదు."

నేను గోడకు ఇంకా దగ్గరగా జరిగాను.

"నువ్వు మొగం అట్ల పెట్టొద్దన్నా. గొంతు పోతే పోనీ. పిల్లోళ్లకు పాఠాలు పోగూడదు. వాచకమంతా చదివి రికార్డు చేసి పెట్టాల. కంప్యూటర్ ఉండాది. నువ్వు రా."

హాస్టల్లో పిల్లలు వాడే కంప్యూటర్లన్నీ లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచేవి. తెర మీది అక్షరాలను చదివి వినిపించే ఏర్పాటు వాటిలో ఉంటుంది. అలాంటిదే ఒక పాత లాప్‌టాప్ ఆమెకిచ్చారు. నేను డెస్కులో పేజీలు పెట్టినవాణ్ణే తప్ప లోపల ఏముంటుందో ఎరగను. ఆ మాటే చెప్పాను. "నాకూ తెల్దు. ఇద్దరం తెలీనోళ్లమైతే కొట్లాట ఉండదు" అంది.

ఆమె కొంగుకు చిన్న కాలర్ మైకు తగిలించుకుని మొదటి పాఠం చదివింది. తిప్పి విన్నాం. గుయ్యిమని ఒకటి, సొయ్యిమని ఒకటి, ఫ్యాను గిరగిరా ఒకటి, వాటి వెనక ఎక్కడో దూరంగా టీచరమ్మ.

"ఇది పాఠం కాదన్నా. పిండిమిషన్ కాడ ఎవురో పుస్తకం చదువుతాండారు."

"మాటలు తెలుస్తూనే ఉన్నాయి కదమ్మా," అన్నాను. నిజంగానే తెలుస్తున్నాయి.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని నన్ను సూటిగా చూసింది. "కండ్లుండేటోళ్లు నచ్చకుంటే చూపు తిప్పుకుంటారు. ఆ పిల్లోళ్లు చెవి యాడ తిప్పుకుంటారప్పా? ఒక్కో పాఠం పదిమార్లు ఇంటారు. ఈ రొద పదిమార్లు ఇంటే తలనొప్పి వస్తాది, పాఠం రాదు."

రొద. ఆ మాటను ఆమె ఊరికే వాడేది కాదు. రొదల్లో రకాలు పట్టి, చుట్టాలకు పెట్టినట్టు పేర్లు పెట్టింది. సన్నగా ఇసుక జారినట్టు వచ్చేవాడు సొయ్యి. తుమ్మెదలా పట్టుకుని వదలనివాడు గుయ్యి. రికార్డింగ్ మొదట్లో ఒక్కసారి తలుపు తట్టిపోయేవాడు టక్కు. పొద్దున్నే గోడ దగ్గర ఆమె సమాచారం ఇలా ఉండేది: "ఈ పొద్దు టక్కు రాలేదన్నా. సొయ్యి, గుయ్యి ఇద్దరూ దిగినారు. టిఫిను కూడా చేసేట్టుండారు."

మొదట దొరికిన తప్పు మా ఇద్దరినీ నవ్వించింది. కొంగు మైకు మీద వేలితో కొట్టి చూస్తే రికార్డింగ్‌లో ఏమీ లేదు. లాప్‌టాప్ మూత అంచున గోటితో గీరితే దద్దరిల్లింది. అంటే ఇన్నాళ్లూ కొంగు మైకు అలంకారానికే. వింటున్నది లాప్‌టాప్ లోపల, ఫ్యాను పక్కన కాపురమున్న మైకు. సౌండ్ సెట్టింగుల్లో ఏ మైకు వినాలో మనమే ఎంచి చెప్పాలట. "నేను ఈడ గొంతు చించుకుంటాంటే వాడు ఆడ కూర్చోని ఫ్యాను కత ఇంటాండాడు" అని ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వితే దగ్గు వచ్చేది. దగ్గు ఆగేదాకా ఇద్దరం గోడవైపు చూస్తూ కూర్చునేవాళ్లం.

సొయ్యిని పంపడానికి వారం పట్టింది. కంప్యూటర్ తెర మీద తెరుచుకునే నల్లటి కిటికీలో ఒక మాట టైపు చేస్తే రంగురంగుల స్తంభాలు లేస్తాయి. వాటిలో మైక్ బూస్ట్ అనేది పైకంటా ఉంది. మాట చిన్నగా వస్తోందని దాన్ని పెంచింది నేనే. మాటతో పాటు ఇసుకనూ పెంచానన్నమాట. దాన్ని కిందికంటా దించి, మైకును నోటికి దగ్గరగా జరిపి, పక్కనున్న ఇంకో స్తంభాన్ని కొంచెం లేపాం. సొయ్యి సర్దుకున్నాడు. టక్కు మాత్రం వేరే రకం. పని లేనప్పుడు సౌండ్ భాగాన్ని కరెంటు పొదుపు కోసం లాప్‌టాప్ నిద్రపుచ్చుతుందట. లేపినప్పుడల్లా టక్కుమంటుంది. ఆ పొదుపు ఆపేశాం. "కూలికి వచ్చినోడు మధ్యాన్నం కునుకు తీస్తే ఇంతే" అంది.

గదిలో ఫ్యాను ఆపి, మిట్టమధ్యాహ్నం చదివేది. ఎండాకాలం మధ్యాహ్నం మా వీధిలో కుక్క కూడా మొరగదు. ఆ వేళ తప్ప పొద్దంతా ఆటోలు, బోరింగ్ లారీలు, టాంకరు దగ్గర బిందెల మోత. గోడలకు మాట తగిలి తిరిగి రాకుండా గొర్రెలు కాసే కురబోళ్ల దగ్గర గొంగళ్లు తెప్పించి నాలుగు వైపులా వేలాడదీసింది. కిటికీకీ ఒకటి. బయట అనంతపురం ఎండ, లోపల గొంగళ్ల గది, మెడ చుట్టూ తడి తువ్వాల. బయటికి వచ్చేసరికి జాకెట్టు పిండితే చెమట కారేట్టుండేది. నేను గుమ్మం దగ్గర కూర్చుని, ఎవరైనా వస్తే చేతులు అడ్డంగా ఊపేవాణ్ణి. పాలాయన ఒకసారి కిటికీ వైపు చెవి పెట్టి, "లోపల ఎవురన్నా కాన్పుకుండారా?" అని అడిగాడు.

రొదను తుడిచేసే ఏర్పాట్లు కంప్యూటర్‌లో లేకపోలేదు. ఒకటి పెట్టి చూశాం. గుయ్యి సగం పోయాడు, నిజమే. కానీ ఆమె తల వాల్చి వింటూ వింటూ ఒక చోట ఆపింది. "సహనము అని చదివినా. సనము అంటాంది. నా 'హ' యాడికి పాయె?" మళ్లీ విన్నాను. ఊపిరితో పలికే అక్షరాలను రొద అనుకుని అది మింగుతోంది. మిగిలిన మాట కూడా బానలో తల పెట్టి మాట్లాడినట్టుంది. "అక్షరాలు నేర్చుకునే పిల్లోళ్లకు అక్షరం తినే మిషను ఇస్తామా? తీసెయ్. రొదను పుట్టేకాడ పట్టాల. పుట్టినాక తుడిచేది కాదు."

గుయ్యి ఎక్కడ పుడుతున్నాడో ఆమే పట్టింది, అదీ చేతితో. చార్జర్ పెట్టి ఉన్నప్పుడు లాప్‌టాప్ ఇనప అంచు మీద చెయ్యి వేస్తే సన్నగా జుమ్ముమనేది. చెయ్యి వేసినంతసేపూ గుయ్యి తగ్గేవాడు, తీస్తే పెరిగేవాడు. చార్జర్ పీకేస్తే మాయం. అయితే ఆ పాత బ్యాటరీ ఒక పద్యం, దాని తాత్పర్యం పూర్తయ్యేసరికి చచ్చిపోయేది. కొన్ని పాఠాలు ఆమె అట్లాగే చదివింది. కుడిచేతిలో పుస్తకం, ఎడమ అరచేయి లాప్‌టాప్ మీద, పిల్లవాడికి జ్వరం చూస్తున్నట్టు. చెయ్యి జుమ్మంటున్నా తీసేది కాదు.

"ఇంట్లో ఎర్తు లేదేమో. మిగులు కరెంటు నేలలోకి దిగడం లేదు," అన్నాను.

"ఉండాది. ఇల్లుగలాయన చూపించినాడు. పచ్చవైరు పెరట్లోకి పోతాది."

పచ్చవైరు వెంట ఇద్దరం పెరట్లోకి నడిచాం. అది గోడ దిగి, అంట్లు తోమే బండ పక్కనుంచి పోయి, ఎండిపోయిన బోరు పైపుకు చక్కగా నాలుగు చుట్లు చుట్టి, పైన టేపు కూడా వేసి ఉంది. ముచ్చటైన పని. ఆమె వంగి ఆ పైపును వేలితో తట్టింది. తట్టి, తల వాల్చి, మళ్లీ తట్టింది.

"అన్నా, ఇది పలాస్టిక్."

ఇల్లుగలాయన ఉరవకొండ దగ్గరి రైతు. ఫోన్ చేస్తే, వైరింగ్ చేసే దస్తగిరిని వెంటబెట్టుకుని వచ్చాడు. బోరు పోయాక లోపలి ఇనప కేసింగు పైపు వృథాగా ఉందని తనే పీకించి, శెనక్కాయ చేన్లో వేసిన కొత్త బోరుకు పట్టుకుపోయాడట. "గుంత నోరు తెరుచుకోనుంటే మేకపిల్లలు పడతాయని ఈ పైపు దించి మూత ఏపిస్తినమ్మా. తప్పా?"

"నువ్వు మంచోడివేప్పా. వైరు ఎవురు కట్టినారు?"

దస్తగిరి తల గోక్కున్నాడు. "నేనే టీచరమ్మా. ముందు పైపుకు ఉన్నింది. పైపు మారింది, మళ్లా పైపుకే కడితి."

"టేపు గూడా ఏసినావే?"

"తుప్పు పట్టకుండా."

పలాస్టిక్‌కు తుప్పు! ఆమె అంట్లబండ మీద కూలబడి నవ్వింది. ఇల్లుగలాయనా నవ్వాడు. దస్తగిరి కాసేపు మా ముగ్గురినీ చూసి, తర్వాత అందరికంటే పెద్దగా నవ్వాడు. మర్నాడు అతనే గడ్డపార తెచ్చాడు. మోకాటి లోతులో బండరాయి తగిలింది. పక్కన తవ్వితే మళ్లీ బండ. "ఈడ కాదులే టీచరమ్మా, పోనీలే" అన్నాడు. ఆమె కొంగు నడుముకు దోపుకుని, పెరడంతా తిరిగి తిరిగి, గోడ మూల చూపించింది. "ఈడ తవ్వు. ఈడా బండ వస్తే నా మంచం జరిపించి ఇంట్లో తవ్విస్తా." అక్కడ గుంత దిగింది. ఇనప పైపు నిలబెట్టి, చుట్టూ ఉప్పు, బొగ్గులు పోసి పూడ్చారు.

గుయ్యి కొంచెం తగ్గాడు. పోలేదు. నేల ఆరిపోయి ఉంటే ఎర్తు పనిచేయదు, తడిగా పెట్టుకోవాలని దస్తగిరి చెప్పి వెళ్లాడు. ఆ ఎండాకాలం టాంకరు ఎప్పుడొస్తే అప్పుడే నీళ్లు. మా వీధిలో పూలచెట్లు ఎండగొట్టేసుకున్నారు. ఆమె బియ్యం కడిగిన నీళ్లు, మొహం కడిగిన నీళ్లు, అంట్లు తొలిపిన నీళ్లు ఒక బకెట్లో పట్టి ఉంచి, పొద్దున్నే ఆ గుంతలో పోసేది. గోడవతలి ముసలాయన ఒకడు రోజూ చూసి చూసి ఒకనాడు ఆగలేకపోయాడు.

"ఏమమ్మా టీచరమ్మా, ఇనప పైపుకు నీళ్లు పోస్తాండావు. మొలకెత్తుతాదా?"

"ఎత్తుతాది మామా. వానలు నీ మాదిరి మాట తప్పుతాంటే పైపులే మొలకెత్తాల."

ఒక మధ్యాహ్నం చార్జర్ పెట్టి, చెయ్యి వేయకుండా, ఒక పేజీ చదివి తిప్పి విన్నాం. మాటకూ మాటకూ మధ్య ఏమీ లేదు. గమ్మున ఉంది. అంత గమ్మున ఉండటం ఆ గదిలో నేనెప్పుడూ వినలేదు. ఆమె కళ్లు తెరవలేదు. "పోయినాడు" అంది చిన్నగా. అప్పటిదాకా చేసినవన్నీ పక్కనపెట్టి మొదటి పాఠం నుంచి మళ్లీ చదవడం మొదలుపెట్టింది. ఆపరేషన్ దగ్గర పడుతోంది, ఉన్నవి ఉంచుకుందామంటే వినలేదు.

వాచకం సగం దాటాక కొత్త రొద ఒకటి వచ్చింది. వాక్యం చివర్లో, సన్నగా, గరుకు నేల మీద చీపురు లాగినట్టు. "వీడెవుడప్పా కొత్తోడు?" అంది. గొంగడి వెంట్రుకలు మైకుకు రాసుకుంటున్నాయేమోనని గొంగళ్లు వెనక్కి జరిపాం. గంజి పెట్టిన చీర మార్చి మెత్తటిది కట్టుకుంది. బూస్ట్ చూశాం, వైరు చూశాం, ఎర్తు గుంతలో ఇంకో బకెట్ పోసింది. పోలేదు. చివరికి మైకు తీసి నా చొక్కాకు తగిలించి, "నువ్వు చదువు" అంది. నేను అదే పేరా చదివాను. తిప్పి విన్నాం. ఏమీ లేదు. మళ్లీ ఆమె చదివింది. విన్నాం. ఉంది.

నాకు అర్థమైంది. ఆమెకు నాకంటే ముందే అర్థమై ఉంటుంది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది.

"వీడు బయటోడు కాదన్నా. మా ఇంటోడే."

గొంగళ్ల గదిలో ఉక్క. నేను తువ్వాల అందించాను.

"మిషను రొదంతా పోయింది కాబట్టి వీడు ఇనపడినాడు. ఇన్నాళ్లూ గుయ్యిగాని చాటున దాంకోనుండాడు" అని, మెడ తుడుచుకుంది. ఆ రొద తుడిచే ఏర్పాటు ఈ ఒక్కదానికి పెట్టి చూద్దామా అని అడిగాను. ఏదో ఒకటి అనాలని అడిగాను.

"వద్దు. వాన్ని తుడిస్తే వానితో నేనూ పోతా. పిల్లోళ్లకు నా గొంతు తెలుసు. ఇట్లయిందని తెలిస్తే తెలియనీ." పుస్తకం తీసుకుంది. "పెట్టన్నా రికార్డింగ్. పొద్దు పోతాంది."

ఆ తర్వాత రోజూ కొంచెం కొంచెంగా ఇంటివాడిది పైచేయి అవుతూ వచ్చింది. ఒక్కో వాక్యానికి ఆగి, నీళ్లు గొంతులో పోసుకుని, మళ్లీ అందుకునేది. చివరి పాఠాలు గుసగుసకు కొంచెం పైన. అయినా ఒత్తు తప్పలేదు. వాచకం ముగిసిన రోజు పుస్తకం మూసింది. లేచి ఫ్యాను వేసి, దాని కింద నిలబడింది.

బెంగళూరు నుంచి వచ్చాక మెడ ముందు తెల్లటి గుడ్డ కట్టుకునేది. ఊపిరి అక్కడ పెట్టిన రంధ్రం నుంచే. మాట లేదు. చెప్పవలసింది ఉంటే లాప్‌టాప్‌లో టైపు చేసి తెర నావైపు తిప్పేది. అదీ సీమ భాషలోనే. పొద్దంతా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, తన పాఠాలు తనే విని, వరుస సరిచూసేది. ఒకరోజు గోడ మీద చేత్తో దబదబా కొట్టి నన్ను పిలిచింది. తెర మీద ఉంది: "ఒక వాక్యం చదవకుండా పోయినా. పేజీ తిప్పేకాడ."

చెరువు నిండిన రోజు గురించిన పాఠం అది. పోయిన వాక్యం: ఊళ్లోని పిల్లలూ పెద్దలూ పనులు మాని కట్ట మీదికి తరలి వెళ్లారు. ఒక్క వాక్యమే కదా, అది లేకున్నా పాఠం నడుస్తుందని అన్నాను. ఆమె వేళ్లు గబగబా ఆడాయి. "మనుషులు యాడికి పోయిరో చెప్పకుండా, అందరూ కట్ట మీద ఉండారంటే పిల్లోళ్లు అడగరా? నువ్వు చదువు."

మైకు నా చొక్కాకు తగిలించింది. గొంగళ్లు సర్దింది. ఫ్యాను ఆపింది. నేను నోరు తెరవబోతుండగా చెయ్యెత్తి ఆపింది. మెడలోంచి ఆమె ఊపిరి బుస్సుమని వస్తూ పోతూ ఉంది. ఒక్క క్షణం అది విన్నది. తర్వాత తలుపు తీసుకుని బయటి ఎండలోకి పోయి, తలుపు దగ్గరగా వేసింది.

నేను చదివాను. ఆమె లోపలికి వచ్చి, విని, అరచేత్తో బల్ల మీద చరిచింది. 'ళ'ను వేలితో గాల్లో రాసి చూపించింది. మళ్లీ బయటికి పోయింది. నేను మళ్లీ చదివాను. మళ్లీ బల్ల. ఈసారి 'తరలి' తర్వాత ఊపిరి తీసుకున్నానట. ఎన్నిసార్లు పోయి వచ్చిందో! ఒకసారి తలుపు సందులోంచి చూస్తే, చెప్పుల్లేకుండా, కాలుతున్న బండ మీద ఒక కాలు మార్చి ఒక కాలు పెడుతూ, నా గొంతు ఎప్పుడు ఆగుతుందా అని నిలబడి ఉంది.

చివరిసారి విన్నాక బల్ల మోగలేదు. టైపు చేసింది: "నీ ళ ఇంకా నున్నగా లేదు. పిల్లోళ్లు ఓర్చుకుంటారు. రొద లేదు. చాలు."

ఆ వాక్యాన్ని ఆమే దాని చోట్లో అతికించింది. హాస్టల్లో ఇప్పటికీ ఆ పాఠమే వింటారు. పేజీ మారే చోట ఒక మగ గొంతు వచ్చి, ఊళ్లోవాళ్లందరినీ చెరువు కట్ట మీదికి తీసుకుపోయి వదిలేస్తుంది. అక్కడి నుంచి టీచరమ్మ అందుకుంటుంది, ఆ గరగరతోనే, ఒత్తు తప్పకుండా.